గుఱ్ఱమునకు కండరము అదిరిన

కన్నదిరిన ఒక ఫలము, భుజమదిరిన వేఱొక ఫలము అని శకునములు చెప్పువారు మనలో కలరు. గుఱ్ఱమునకు భుజముననో డొక్కలోనో కండరము అదిరినచో గాలి సోకినదనియు, దిష్టి తగిలినదనియు తలచి తాయెత్తు కట్టువారును కలరు. ఆ అదురుపాటునకు కారణము పెక్కుమార్లు మేతతొట్టిలోనే యుండునని మనవి చేయుటయే ఈ ప్రసంగ ముఖ్యోద్దేశము.

ఓడరేవునకును ఉక్కునకును పేరెన్నికగన్న విశాఖపట్టణమున గుఱ్ఱముల ప్రసక్తి యేల యని కొందఱు శ్రోతలకు తోచవచ్చును. జట్కాబండ్ల కాలము గతించినను గుఱ్ఱము మన ఊరిని విడిచిపోలేదు. రామకృష్ణా బీచిలో పిల్లలను వీపున నెక్కించుకొని ఇసుకలో నడచుచున్నది; పెండ్లి ఊరేగింపులలో వరుని మోయుచున్నది. ఒక గుఱ్ఱముపై ఒక సంసారమే ఆధారపడి యుండును. అది కూలబడిన నాడు ఆ యింట పొయ్యి వెలుగదు.

ముందుగా ఒక హెచ్చరిక. ప్రతి అదురుపాటును మేతకు సంబంధించినది కాదు. దవడలు బిగిసి, తోక నిక్కి, కంటి లోమూలనున్న మూడవ రెప్ప ముందునకు వచ్చినచో అది ధనుర్వాతము కావచ్చును. కడుపునొప్పిచేతను, విషపదార్థములచేతను కూడ కండరములు అదరును. అట్టి యెడల క్షణమైనను జాగుచేయక పశువైద్యుని పిలువవలయును. ఇవి కావని తేలిన పిమ్మటనే తొట్టిని పరీక్షింపవలయును.

మొదట చూడవలసినది ఉప్పు. గుఱ్ఱపు చెమట మన చెమట వంటిది కాదు. అది రక్తము కంటెను ఉప్పన. మన సముద్రతీరపు ఉక్కలో చెమట ఆరదు, ఒడలు చల్లబడదు, ఉప్పు మాత్రము కారిపోవుచునే యుండును. 300 కిలోల గుఱ్ఱమునకు పనిలేని దినమున సుమారు 15 గ్రాముల ఉప్పు చాలును. చెమటోడ్చిన దినమున 30 గ్రాములైనను కావలయును. ఉప్పు పెట్టినచోట మంచినీరు ఎల్లప్పుడు అందుబాటులో నుండవలయును.

రెండవది కాల్షియము. చెమటతో ఇదియు పోవును. రక్తమున ఇది తగ్గినచో, గుండె ప్రక్కగా పోవు నరము ప్రతి గుండెకొట్టుకు ఉలికిపడి డొక్క అదరును. వరి తవుడులో భాస్వరము మెండు, కాల్షియము మిక్కిలి తక్కువ. నేపియరు వంటి గడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియమును సైతము పట్టి యుంచును. కావున తవుడు తగ్గించి, అలసంద మేతయో, లూసర్నో, బూజుపట్టని వేరుసెనగ కట్టెయో చేర్చుట మంచిది.

మూడవది పచ్చిక. ఎండుగడ్డి నిలువయున్నకొలది అందలి విటమిన్ ఇ నశించును. ఏడాదికి మించి పచ్చిక యెఱుగని గుఱ్ఱములు చిక్కి, నిలుచున్నచోటనే వణకు నరముల వ్యాధిని 1990లో అమెరికాలో గుర్తించిరి. దినమునకు ఒక మోపెడు పచ్చగడ్డి దానికి మంచి రక్షణ.

నాల్గవది దాణా. పాశ్చాత్య దేశములలో బండి గుఱ్ఱములు ఆదివారము విశ్రమించి, నిండుగా దాణా తిని, సోమవారము పనికి పోగానే బిగుసుకొనిపోయెడివి. దానికి సోమవారపు జబ్బని పేరు. మన తీరమున సందడి సెలవుదినములలోనే హెచ్చు. వారమంతయు కట్టివేసి ఉలవలు పెట్టి, ఆదివారము సాయంకాలము ఎడతెఱపి లేక త్రిప్పినచో, ఆ సోమవారపు జబ్బే ఇచట ఆదివారమున రాగలదు. 1992లో స్టెఫనీ వాల్‌బర్గ్ మొదలగు శాస్త్రజ్ఞులు కొన్ని గుఱ్ఱముల కండరములలో చక్కెర నిలువలు అతిగా పేరుకొనుటను వెల్లడించిరి. 2008లో అందులకు మూలమైన జన్యులోపము ఒకటి తెలియవచ్చినది. అట్టివానికి దాణా తగ్గించి, కావలసిన బలమును కొంత నూనె రూపమున మెల్లమెల్లగా అలవాటు చేసి, నిత్యము నడిపించుటయే ముఖ్య చికిత్స. జాతి ఏదైనను, పనిలేని దినమున దాణాను సగమునకు తగ్గించి, అరగంటయైనను నడిపించుట మేలు.

గుఱ్ఱము నడుమ నిలిచిపోయి, తొడలు ఱాయివలె గట్టిపడి, మూత్రము కాఫీరంగున వచ్చినచో దానిని మొండితనమనుకొని కొరడా ఎత్తరాదు. చెడిన కండరముల నుండి వెలువడు పదార్థము మూత్రపిండములను పాడుచేయును. అడుగు వేయింపక, నీడ కల్పించి, నీరు పెట్టి, వైద్యునికి కబురు పంపవలయును. ఆ సమయమున ఒక్క ఫర్లాంగు బలవంతముగా నడిపించుటయే ప్రాణాంతకము కావచ్చును.

ఉప్పు, పచ్చిక, కొలతగల దాణా, నిత్యవ్యాయామము అనువానికి పెట్టు ఖర్చు స్వల్పము. నోరులేని ప్రాణి తన లోటును కండరముతోనే చెప్పుకొనును. ఆ మాటను సకాలమున విన్న యజమానునికి గుఱ్ఱమును దక్కును, జీవనమును దక్కును.