కావ్యములలో రాజధర్మము

కావ్యము రాజులను పొగడుటకే పుట్టినదనుట సత్యము కాదు. షేక్స్పియరు ‘రెండవ రిచర్డు’ నాటకమున, రాజ్యమును తోటవలె సాకలేదని ఒక తోటమాలి రాజును తప్పుపట్టును. అందలి రాజ్యత్యాగ ఘట్టము ఎలిజబెత్తు రాణి జీవితకాలమున అచ్చైన ప్రతులలో లేదు. 1608 నాటి ప్రతిలో చేరెను.

అంతకు పూర్వమే, 1509 నుండి 1529 వఱకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ చతుర్థాశ్వాసమున, రాజ్యము విడుచుచు యామునాచార్యుడు కుమారునకు చేసిన బోధగా ఇట్లు చెప్పెను: చెఱువులు, కాలువలు త్రవ్వించి పేదరైతునకు పన్ను తగ్గింపవలెను. బాధపడి ఊరు విడిచిన రైతును మరల పిలువక, వాని పశువులను, ధాన్యమును అమ్ముకొను అధికారి గల రాజు ఎన్ని దేశములు గెలిచినను బాగుపడడు.

అచ్చట తోటమాలి నోట వెలువడిన మాట ఇచ్చట మహారాజే పలికెను. ఆ పద్యములను అధికారి చదువవలెను, రైతు వినవలెను. గంగారమువంటి పల్లెలో గ్రంథాలయముండుట అందులకే.