తస్సిలీ కొండల్లో ఆవుల మందలు

సహారా ఎడారిలో ఆవుల మందలున్నాయి. నడిచేవి కావు, రాతి మీద గీసినవి. అల్జీరియా ఆగ్నేయాన తస్సిలీ నజ్జెర్‌లో ఉన్న ఈ బొమ్మలు వేల ఏళ్ల నాటివి. అప్పుడక్కడ పచ్చిక ఉండేది, నీళ్లుండేవి. జానెత్ ఊరి దగ్గర బండ మీద చెక్కిన ఆవుల కళ్ల కింద కన్నీటి చుక్కలు కూడా కనిపిస్తాయి!

వెళ్తే చలికాలంలోనే వెళ్లండి. వేసవి మాట ఎత్తకండి. చలికాలం రాత్రులు మాత్రం వణికిస్తాయి, మంచి రగ్గు ఉండాలి. గైడు లేనిదే లోపలికి పోనివ్వరు. అందుకే ముందు గైడు, తర్వాతే టికెట్టు. అవును, ముందు గైడు! తస్సిలీ పీఠభూమి మీదికి కాలినడకే. సామాను గాడిదలు మోస్తాయి.

బొమ్మల మీద నీళ్లు మాత్రం చల్లకండి. రంగులు బాగా కనబడాలని వెనకట చూడవచ్చినవాళ్లు తడిపారు. ఆ తడికే కొన్ని బొమ్మలు వెలిసిపోయాయి.