యెజ్డీ: నిలబెట్టాలా, విప్పి అమ్మాలా?

మురమళ్ళ నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. వాళ్ల తాతగారి యెజ్డీ రోడ్‌కింగ్. బాబాయిగారు కుర్రతనంలో మడ్‌గార్డులు కురచ చేయించి, పొడుగు హ్యాండిలు వేయించి, సైలెన్సర్లు మార్పించారట. ఇప్పుడది కొబ్బరితోట షెడ్డులో పడి ఉంది. బాగు చేయించాలా, విప్పి పార్టులుగా అమ్మేయాలా అని అడుగుతున్నాడు.

మార్పులు చేసిన బండి గనక పనికిరాదని అనుకోకు తమ్ముడూ. ఆ మార్పులు బోల్టులతో చేసినవా, గ్యాస్ కటింగుతో చేసినవా అన్నది ముందు తేల్చుకో. హ్యాండిలు, సైలెన్సర్లు విప్పితే పోతాయి. మడ్‌గార్డులు వెతికితే దొరుకుతాయి. ఫ్రేము కోస్తే మాత్రం కథ వేరు. సీటు తీసి, వెనకచక్రం పైనున్న గొట్టాల్ని చేత్తో తడిమి చూడు. పెయింటు కింద ముద్దగా, ఉబ్బుగా అతుకు తగిలితే అది కంపెనీ వెల్డింగు కాకపోవచ్చు. తర్వాత హ్యాండిలు తిన్నగా పెట్టి, వెనకచక్రానికి ఆనించి ముందుచక్రం దాకా దారం లాగు. చక్రాలు వరసలో లేకపోతే ఫ్రేమో ఫోర్కో వంగి ఉండొచ్చు.

ఇంజను సంగతి మన కోనసీమలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. పక్కనే వృద్ధగౌతమి, ఆపైన ఉప్పుగాలి. 1996 నవంబరు 6 తుఫానుకీ, 2022 జులై వరదకీ ఆ షెడ్డులోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లని అడుగు. ఇంజనులోకి నీళ్లు వెళ్లి నిలిస్తే క్రాంకు బేరింగులు తుప్పు పట్టేస్తాయి. గేరు లివరునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డవుతుంది కదా అని ఉత్సాహంగా కొట్టేయకు. ప్లగ్గు విప్పి, కాస్త ఇంజనాయిలు పోసి, రెండు రోజులు వదిలెయ్. ఆ తర్వాత లివరు చేత్తో మెల్లగా తిప్పి చూడు. పట్టేసినా బెంగపడకు, బోరింగు, క్రాంకు పని తెలిసిన మెకానిక్కు ఉంటే ఇంజను మళ్లీ లేస్తుంది.

ఇక కాగితాలు. ఆర్సీలోని నంబర్లు ఫ్రేము మీదా ఇంజను మీదా కొట్టిన నంబర్లతో కలవాలి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన ఐదేళ్లకోసారి రెన్యువల్. తాతగారి పేరునే ఉంటే ముందు వారసుల పేరుకు మార్పించుకో. వింటేజ్ రిజిస్ట్రేషన్ మీద ఆశ పెట్టుకుని మాత్రం డబ్బు పోయకు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలో ఉండాలి. రోడ్‌కింగ్ వచ్చిందే 1978లో. ఎంత పాతదైనా 2028 దాకా ఆగాలి. పైగా వింటేజ్ నంబరుతో రోజూ తిరగనివ్వరు.

ఫ్రేము కోయకుండా ఉండి, నంబర్లు కలిసి, ఆర్సీ ఉంటే, ఇంజను పట్టేసినా సరే నిలబెట్టు. దీన్ని గట్టిగానే చెబుతున్నాను. మైసూరులో యెజ్డీలు తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. అలాంటి ఫ్రేము ఇక రాదు. ఒకేసారి అంతా చేయించక్కర్లేదు. ముందు ఇంజను, బ్రేకులు, వైరింగు. క్రోము, పెయింటు డబ్బు కూడినప్పుడు.

ఫ్రేము కోసేసి, కాగితాలూ సరిగా లేకపోతే విప్పేయడమే మేలు. ఆ ట్యాంకు, సైడు బాక్సులు, హబ్బులు, గేరు చక్రాలు ఇంకో నాలుగు బళ్లని నడిపిస్తాయి. ఒక్కటి గుర్తుంచుకో: నంబరున్న ఫ్రేమూ ఆర్సీ కలిపి ఎవరికీ అమ్మకు, ఎంత ఆశ పెట్టినా. దొంగ బండికి ఆ నంబరు తగిలిస్తే పోలీసులు వచ్చేది మీ గుమ్మానికే. బండి ఇక పనికిరాదని తేలాక 14 రోజుల్లోగా రవాణా శాఖ కార్యాలయంలో తెలియజేసి, ఆర్సీ ఉంటే అప్పగించి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకో. మీకైతే అమలాపురం వెళ్లాలి. రద్దయినట్టు కాగితం చేతికి వచ్చాకే స్పానరు పట్టు.