పెరట్లో ఏ మొక్క?

తొలకరికి నర్సరీవాళ్లు ఏ మొక్క ఇస్తే అది తెచ్చి పెరట్లో నాటేస్తున్నాం. కోనోకార్పస్ చూస్తుండగానే గోడంత ఎదుగుతుంది, నిజమే. దాని కాయ కూరకు రాదు, వేర్లేమో నీటి పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది.

రెండు సెంట్ల జాగాలో రావి, మర్రి వద్దు, గోడలు పగులుతాయి. వేపనైనా ఇంటికి ఎడంగా పెట్టాలి. మనకు పనికొచ్చేవి మునగ, కరివేపాకు, నిమ్మ. పీకేఎం-1 మునగ గింజ పెడితే ఆరేడు నెలల్లో కాపుకొస్తుంది. దానికి గొంగళిపురుగులు పడతాయి, కొమ్మ కూడా పెళుసు. అందుకే ఇంటికి కాస్త దూరంగా, నీళ్లు నిలవని చోట పెట్టాలి. కాపయ్యాక మూడడుగుల ఎత్తున నరికితే మళ్లీ చిగురిస్తుంది.

నర్సరీలో సంచులు నింపకముందే గ్రామసభలో అడుగుదాం: ఈసారి మునగ, నిమ్మ ఎన్ని పెంచుతున్నారు?