ఖాళీ జాగా అనే మాట



మన జిల్లాలో జనం దగ్గర నుంచి భూమి తీసుకోవాలంటే ముందు ఒక మాట వస్తుంది. "అది ఖాళీ జాగా" అంటారు. ఈరోజు ఆ మాట గురించే మాట్లాడతాను.

సోంపేట బీలను పనికిరాని భూమి అన్నారు. ఆ నీటితోనే చుట్టుపక్కల ఊళ్లు వరి పండించాయి, చేపలు పట్టాయి, పశువుల్ని మేపాయి. థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డం నిలబడితే 2010 జూలై 14న పోలీసులు కాల్చారు. ఇద్దరు చనిపోయారు. ప్లాంటు మాత్రం రాలేదు, బీల మిగిలింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అక్కడ పోరాడింది తంపర భూముల కోసం. టెక్కలి మండలం తేలినీలాపురం చెట్ల మీద ఏటా గూళ్లు కట్టే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు మేతకు వెళ్లేది ఈ తడినేలలకే. పురిటికొచ్చిన ఆడపిల్లల్ని చూసినట్టు ఆ పక్షుల్ని ఊరివాళ్లు చూసుకుంటారు. మరి ఏది ఖాళీ?

ఇప్పుడు కొండవైపు చూడండి. గ్రానైట్ కోసం కొండల్ని తొలిచేస్తే ఎలుగుబంటి ఎక్కడికి పోతుంది? జీడితోటలోకి, పనసచెట్టు కిందికి వస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు. పట్టుకున్న ఎలుగూ బతకలేదు. తిత్లీ తుఫానుకు తోటలు పోగొట్టుకున్న ఉద్దానం రైతుదీ, కొండమీద సవరదీ ఒకటే కష్టం అని నేను అనేది అందుకే.

మందస, మెళియాపుట్టి కొండల్లో మన సవర గూడేలు చాలావరకు షెడ్యూల్డ్ ఏరియా బయటే ఉన్నాయి. 1/70 చట్టం మనకు అక్కరకు రాదు. 2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట ఐటీడీఏ కూడా పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. కానీ 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్, నాన్ షెడ్యూల్డ్ అనే తేడా లేదు. అడవి భూమి ఎక్కడున్నా అది వర్తిస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువుకున్నది మనం. సొంత పట్టాకు ఫారం-ఏ పెట్టి ఊరుకోవద్దు. గడ్డ, మేత, అటవీ ఫలసాయం మీద ఉమ్మడి హక్కులకు ఫారం-బి, అడవి మొత్తాన్ని కాపాడుకునే హక్కుకు ఫారం-సి నింపండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. ముసలివాళ్లు చెప్పింది రాసుకోండి, చట్టం ముందు అదీ సాక్ష్యమే. ఏ గడ్డ ఎక్కడ పుట్టింది, ఏ దారిన ఎలుగు దిగుతుంది, ఏ చెట్టు కింద మన దేవతలున్నారు, అన్నీ కాగితం మీదికి ఎక్కాలి.

రేపు ఎవరైనా వచ్చి "ఖాళీ జాగా" అంటే, ఆ కాగితం ముందు పెడదాం. జోహార్!