పరిణామవాదం, క్రైస్తవ చింతన: చెంచయ్యగారి సమాధానం

కొత్తవాడ వంటి పేటలో ఒక క్రైస్తవ కుటుంబపు పిల్లవాడు వారంలో ఆరు రోజులు బడికి, ఏడవ రోజు చర్చికి పోతాడనుకొందాము. బడిలో జీవశాస్త్రపు ఉపాధ్యాయులు చిన్న ప్రాణులనుండి పెద్ద ప్రాణులు కోట్ల సంవత్సరాల కాలంలో క్రమంగా పరిణమించినవని బోధిస్తారు. ఆదివారపు బడిలో దేవుడు ఆరు దినాలలో లోకాన్ని సృజించి, నేలమంటితో మనిషిని చేసినాడని వింటాడు. ఈ రెండింటిలో ఏది నిజమని ఆ పిల్లవాడు ఇంటికి వచ్చి అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు దొరుకుతాయి. పరీక్షలో అది వ్రాయి, మనస్సులో ఇది ఉంచుకొమ్మనటం ఒకటి. ఆ పాత కథలు ఇక వదిలిపెట్టుమనటం రెండవది. మొదటి సమాధానం పసితనంలోనే కపటాన్ని అలవాటు చేస్తుంది. రెండవది అతనిని తల్లి చేసే ప్రార్థనకు పరాయివానిని చేస్తుంది. మూడవ సమాధానం ఉన్నదా? ఉన్నదని నమ్మి, దానికోసం జీవితమంతా ఆలోచించిన ఒక తెలుగు క్రైస్తవుని గురించి ఈ పూట మనవి చేస్తాను. ఆయన పేరు పండిపెద్ది చెంచయ్య.

ముందుగా విజ్ఞానశాస్త్రం చెప్పే కాలపరిమాణాన్ని మన నేలమీదనే నిలబడి చూద్దాము. ఓరుగల్లుకు ఏకశిలానగరమని పేరు తెచ్చిన కోటలోని గుట్ట గ్రానైటు రాయి. ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. మనకు ఉత్తరంగా ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి వద్ద దొరికిన ఎముకలకు 1988లో కోటసారస్ అని పేరు పెట్టినారు. అది సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రిందటి రాక్షసిబల్లి. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టినారు. మన మనుష్యజాతి వయస్సో, సుమారు 3 లక్షల సంవత్సరాలు మాత్రమే. ఐర్లండుకు చెందిన ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో బైబిలులోని వంశావళులను కూడి, సృష్టి క్రీస్తుపూర్వం 4004వ సంవత్సరంలో జరిగినదని తేల్చినాడు. ఏకశిల ముందు ఆ లెక్క నిలువదు. ఈ సంగతిని పిల్లలకు దాచిపెట్టడంవల్ల మతానికి కలిగే మేలు ఏమీ లేదు.

ఇట్లా ఆలోచించటానికి క్రైస్తవ లోకం డార్విన్ కాలందాకా ఆగవలసిన అవసరం కలుగలేదు. 5వ శతాబ్ది తొలినాళ్ళలోనే అగస్టీను మహాశయుడు ఆదికాండానికి వ్యాఖ్య వ్రాస్తూ, అందులోని దినాలు మనం ఎరిగిన సూర్యోదయ సూర్యాస్తమయాల దినాలు కానక్కరలేదని భావించినాడు. భూమిని గురించి, నక్షత్రాలను గురించి ఇతరులు అనుభవంవల్ల తెలుసుకొన్న సంగతులకు విరుద్ధంగా, లేఖనం పేరు చెప్పి క్రైస్తవుడు మాట్లాడితే నవ్వులపాలు అవుతాడని కూడా హెచ్చరించినాడు. 1859లో డార్విన్ తన గ్రంథం ప్రకటించినప్పుడు క్రైస్తవులలో చాలామంది కలవరపడినమాట నిజమే. ఐనా అమెరికాలో ఆ సిద్ధాంతాన్ని సమర్థించినవారిలో అగ్రగణ్యుడైన వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే భక్తుడైన క్రైస్తవుడు. 1884లో మతానికీ విజ్ఞానశాస్త్రానికీ గల సంబంధాన్ని గురించి ఉపన్యాసాలు చేసి, పరిణామవాదానికి చోటు ఇచ్చిన ఫ్రెడరిక్ టెంపుల్ ఆ తరువాత కాంటర్బరీ ఆర్చిబిషప్పు అయినాడు. బఠాణీ మొక్కలమీద పరిశోధించి, 1866లో అనువంశికతా సూత్రాలను ప్రకటించిన గ్రెగర్ మెండెల్ క్రైస్తవ సన్యాసి.

అసలు చిక్కు దినాల లెక్కలో లేదు. అది మరింత లోతైనది. కొత్తవాడ అనగానే జంపఖానాలు జ్ఞాపకం వస్తాయి. 2018లో వరంగల్ దర్రీలు అనే పేరున భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. పడుగునూ పేకనూ, రంగుల పొందికనూ చూచినవారెవరూ దానిని నేసినవారు ఉన్నారా అని సందేహించరు. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ అనే మతాచార్యుడు ఇటువంటి వాదమే చేసినాడు. ఆయన గడియారాన్ని ఉదాహరణగా తీసుకొన్నాడు. గడియారంలో అమరిక చూచి దానిని చేసినవాడున్నాడని ఒప్పుకొనే మనిషి, కంటిలోని అమరిక చూచి దేవుడున్నాడని ఒప్పుకోవలెనన్నాడు. డార్విన్ దెబ్బతీసినది ఈ వాదాన్ని. ప్రతి తరంలోనూ సంతానంలో స్వల్పమైన భేదాలు పుడుతూ ఉంటాయి. పరిసరాలకు అనుకూలించే భేదం గల ప్రాణులు ఎక్కువగా బ్రతికి, ఎక్కువ సంతానాన్ని కంటాయి. ఆ భేదం తరతరాలుగా పోగుపడి కన్ను వంటి అద్భుతమైన అవయవం సైతం ఏర్పడుతుంది. ఇందులో మగ్గం ఎక్కక ముందే గీసుకొన్న నమూనా ఏదీ కానరాదు. విశ్వాసి ఎదుర్కోవలసిన ప్రశ్న ఇది.

దీనిని భయపడకుండా ఎదుర్కొన్నవారు చెంచయ్యగారు. 1886లో నెల్లూరులో హిందూ కుటుంబంలో పుట్టి, చిన్నవయస్సులో తండ్రితోపాటు క్రైస్తవం స్వీకరించినారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో తత్త్వశాస్త్రం, ఆ తరువాత న్యాయశాస్త్రం చదివి, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినారు. ఆయన ప్రబోధకుడూ కాడు, మతాచార్యుడూ కాడు. 1938 డిసెంబరులో తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగినది. దానికి కొద్దిముందు, భారతదేశంలో క్రైస్తవాన్ని పునరాలోచించవలెనంటూ మద్రాసులో ఒక గ్రంథం వెలువడినది. దాని రచయితలలో చెంచయ్యగారు ముఖ్యులు. హాలెండు పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఆ మహాసభకై వ్రాసిన పుస్తకాన్ని ఆయన అందులో నిర్భయంగా విమర్శించినారు. 1959లో చనిపోయినారు.

చెంచయ్యగారి మూలభావం క్లుప్తంగా ఇది. సృష్టి ఒకనాడు ముగిసిపోయిన పని అని అనుకొన్నందువల్లనే మనకు పరిణామవాదంతో పేచీ వచ్చినది. సృష్టి ఇంకా జరుగుతూనే ఉన్నది. జడంనుండి ప్రాణం వచ్చినది, ప్రాణంనుండి మనస్సు వచ్చినది, మనిషి వచ్చినాడు. ఇక్కడ ఆగవలసిన నియమం ఏమున్నది? క్రీస్తు మనిషి తరువాతి మెట్టు అని, నూతన సృష్టికి ఆదిపురుషుడని ఆయన భావించినారు. పరిశుద్ధాత్మ ఈ లోకంలో క్రొత్తగా పనిచేయ మొదలిడిన సృజనశక్తి. దేవుని రాజ్యమనగా ఆ శక్తివల్ల మారిన మనుష్యుల సమాజం. క్రీస్తు ఎప్పటికీ ఒక్కడుగానే మిగిలిపోయే మినహాయింపు కాడనీ, తనవంటి అనేకులకు మొదటివాడనీ వారి నమ్మకం. పౌలు తన పత్రికలలో నూతన సృష్టిని గురించి, ప్రసవవేదన పడే సృష్టిని గురించి చెప్పిన మాటలు వారి చేతిలో క్రొత్త అర్థాన్ని సంతరించుకొన్నవి.

ఫ్రాన్సులో తెయ్యార్ ద షార్దాఁ అనే శిలాజశాస్త్రజ్ఞుడు, క్రైస్తవ గురువు, ఇటువంటి ఆలోచనలే చేసినాడు. కాని ఆయన ప్రధాన గ్రంథం 1955లో, మరణించిన తరువాతనే అచ్చయినది. మన చెంచయ్యగారి మాట 1938కే అచ్చులో ఉన్నది. ఆయనకు ప్రేరణ వేరే దారులనుండి వచ్చినది. ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1907లో ప్రకటించిన సృజనాత్మక పరిణామం, శ్రీ అరవిందుల పూర్ణయోగం, కుంభకోణంలో మాస్టర్ సి.వి.వి. నేర్పిన యోగసాధన, ఈ మూడింటినీ ఆయన శ్రద్ధగా పరిశీలించినారు.

యంత్రయుగాన్ని గురించి కూడా ఇందులో ఒక మాట ఉన్నది. విజ్ఞానశాస్త్రం మనిషి చేతికి శక్తి నిచ్చినది, కాని ఆ శక్తిని ధరించదగిన మనిషిని ఇవ్వలేదు. 1945లో హిరోషిమా దానికి సాక్ష్యం పలికినది. ఈనాడు ఆ ప్రశ్న మరింత దగ్గరికి వచ్చినది. 2012 తరువాత జన్యువులను కోరినచోట కత్తిరించి మార్చే పద్ధతి శాస్త్రజ్ఞులకు వశమైనది. మనిషివలె మాటలు కూర్చే యంత్రాలు వచ్చినవి. క్రొత్త మనిషిని ప్రయోగశాలలోనే తయారుచేయవచ్చునని ఆశపడేవారు కూడా ఉన్నారు. చెంచయ్యగారి కొలత ఇక్కడ పనికి వస్తుంది. బలం పెరిగినంతమాత్రాన, తెలివి పెరిగినంతమాత్రాన మనిషి క్రొత్తవాడు కాడు. ప్రేమించే శక్తి పెరిగినదా అని చూడవలెను.

ఐతే ఈ సమాధానంలో లోపాలు లేవని చెప్పటం న్యాయం కాదు. బెర్గ్‌సన్ ఊహించిన ప్రాణవేగాన్ని జీవశాస్త్రం అంగీకరించలేదు. ప్రకృతి వరణానికి ముందుగా నిర్ణయించిన గమ్యం లేదు. అది మెట్లు గల నిచ్చెన కాదు, అనేక కొమ్మలు వేసే చెట్టు. కనుక క్రీస్తు తరువాతి మెట్టు అనే మాట జీవశాస్త్ర నిర్ణయం కాజాలదు. అది విశ్వాసి చేసే వ్యాఖ్య. రెండవ చిక్కు బాధను గురించినది. కోటసారస్ వంటి జాతులెన్నో నశించినవి. ఆకలి, రోగం, మృత్యువు లేకుండా ప్రకృతి వరణం నడువదు. ప్రేమమయుడైన దేవుడు ఈ దారిని ఎందుకు ఎన్నుకొన్నాడు? చెంచయ్యగారికి దగ్గరి బంధువు, పునరాలోచన బృందంలో సహచరుడు అయిన వెంగల్ చక్కరైగారు 1932లో సిలువను గురించి, భారతీయ చింతనను గురించి ఒక గ్రంథం వ్రాసినారు. చెంచయ్యగారి దృష్టి నూతన జన్మమీద నిలువగా, చక్కరైగారి దృష్టి సిలువమీద నిలిచినది. సృష్టి పడే బాధను దేవుడు దూరంనుండి చూడలేదు, తానూ భరించినాడని సిలువ చెపుతుందని క్రైస్తవుల విశ్వాసం. ఇది బాధకు కారణం చెప్పదు. బాధపడేవానికి తోడు ఉన్నదని మాత్రం చెపుతుంది. పరిణామవాదాన్ని అంగీకరించే క్రైస్తవునికి ఈ ఇద్దరి మాటలూ కావలెను.

ఇక మొదట చెప్పిన పిల్లవానికి ఏమని బదులు చెప్పవలెను? రాయి వయస్సు భూగర్భశాస్త్రజ్ఞుని అడుగుమనవలెను. ప్రాణుల బంధుత్వాన్ని జీవశాస్త్రజ్ఞుని అడుగుమనవలెను. వారు ఋజువుతో చెప్పినదానిని సంకోచం లేకుండా పరీక్షలోనూ, మనస్సులోనూ వ్రాసుకొమ్మనవలెను. ఆదికాండాన్ని సృష్టికర్తతో మనిషికి గల సంబంధం తెలుసుకొనటానికి చదువుమనవలెను. ఇంతటితో చాలించటానికి చెంచయ్యగారు ఒప్పుకొనరు. ఒక గదిలో విజ్ఞానం, మరొక గదిలో విశ్వాసం ఉంచి మధ్య తలుపు మూసివేయటం వారికి ఇష్టం లేదు. నూతన సృష్టి నిజమైతే అది కంటికి కనబడవలెనని వారి పట్టు. ఒక పేటలో నేతపనివారి ఇంటిలో పని లేనినాడు పొరుగువారు కులం అడుగక అన్నం పెడుతున్నారా? ప్రార్థనలో ప్రక్కన కూర్చున్నవారు పెండ్లిపందిరిలో కూడా ప్రక్కన కూర్చుంటున్నారా? ఈ ప్రశ్నలకు డార్విన్ బాధ్యుడు కాడు. జవాబు మనుష్యులే ఇవ్వవలెను. ఆ జవాబును బట్టియే పిల్లవాడు పెద్దల విశ్వాసాన్ని తూచుకొంటాడు.