మడ అడవిలో పిల్లలతో ఒక పూట

పిల్లలను అడవి నడకకు తీసుకెళ్లాలంటే కొండలే అక్కర్లేదు. మచిలీపట్నం, గుడివాడ నుంచి అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి చేరండి. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప వైపు వెళ్తే, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు వస్తుంది.

ఈ ప్రాంతంలోనే సుమారు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం ఉంది. లోపలికి వెళ్లాలంటే ముందుగా అటవీ శాఖ అనుమతి అడగండి.

పిల్లలను తొందరపెట్టకండి. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన వేళ్లు చూపించండి. గాలాడని బురదలో మడచెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. తాగిన ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది కూడా. ఒక్క తిల్ల చెట్టు ఆకు మాత్రం తుంచనివ్వకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఇక్కడ తిరిగే బావురు పిల్లి రాత్రి వేటాడుతుంది కాబట్టి పగలు కనబడటం అరుదు. ఎర్ర పీతలు మాత్రం పిల్లలను కదలనివ్వవు.

1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న సీమ ఇది. అలల జోరును తగ్గించే ఈ చెట్ల విలువ పిల్లలకు అక్కడే నిలబడి చెప్పాలి, ఇంట్లో చెబితే అంతగా ఎక్కదు.

శీతాకాలం ఉదయం మేలు. బూట్లు, మంచినీళ్లు, టోపీ మరవకండి. సంగమం దగ్గర నీటి లాగుడు ఎక్కువ, పిల్లలను నీళ్లలోకి దింపకండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి, గుంతలు కనిపిస్తే దూరంగా నడవండి.